మా చక్రాల ఇల్లు: షోలాపూర్ మీదుగా సిరిసిల్లకు

ఉద్యోగం మానేసిన దంపతులు సాధారణంగా రెండు కొనుగోళ్ళు చేస్తారు. ఒకటి కాశీకి రైలు టిక్కెట్లు, రెండోది రక్తపోటు చూసుకునే మిషను. మేమూ ఆ రెండూ కొన్నాం. కాశీ వెళ్ళొచ్చాం, రక్తపోటు చూసుకున్నాం. ఇక చేయడానికి పనేమీ కనిపించకపోయేసరికి ఒక పాత మారుతి ఓమ్ని వ్యాను కొన్నాం. నేను బ్యాంకులో స్వచ్ఛంద విరమణ తీసుకున్న ఆరు నెలలకు జరిగిన ముచ్చట ఇది. మా శ్రీమతి భివండి పురపాలక తెలుగు బడిలో పంతులమ్మగా పనిచేసి, నాకంటే ఏడాది ముందే ఇంటికి వచ్చేసింది.

విదేశాల్లో ముసలి దంపతులు మంచం, వంటగది, స్నానాల గది అన్నీ ఉన్న బండిలో దేశమంతా తిరుగుతారని మా అల్లుడు ఫోటోలు చూపించాడు. మహారాష్ట్ర ప్రభుత్వం కూడా 2021లో కారవాన్ పర్యాటకానికి ఒక విధానం ప్రకటించింది. కానీ అటువంటి బండి ఖరీదు వింటే రక్తపోటు మిషనుకు పని పడుతుంది. అందుకని మన స్థాయికి తగిన ఏర్పాటు మనమే చేసుకున్నాం. వ్యాను వెనుక సీటు వీపు మడిచి, రెండు ట్రంకు పెట్టెలు అడ్డం పెట్టి, వాటి మీద మూడు చెక్క పలకలు పరిచాం. పలకల మీద దూది పరుపు. కిటికీలకు కర్టెన్లు భివండి గ్రే క్లాత్‌వే, పైసా ఖర్చు లేదు, పాత పరిచయస్తుడొకాయన ఇచ్చాడు. 5 కిలోల గ్యాసు బండ, ఒక్క పొయ్యి, 20 లీటర్ల నీళ్ళ క్యాను, దోమతెర, రెండు మడత కుర్చీలు. బండికి ఎక్కడా రంధ్రం పెట్టలేదు, ఏదీ కోయలేదు. బండి ఆకారం మారిస్తే ఆర్టీవో అనుమతి కావాలి. పలకలు పరిస్తే అక్కరలేదు.

వ్యాను సిద్ధమైన రోజు సాయంత్రం పద్మానగర్‌లో మా ఇంటి ముందు ఇరుగుపొరుగు అంతా చేరి చూశారు. ఒక పెద్దమ్మ లోపలికి తొంగిచూసి, "ఇల్లు బాగనే ఉన్నది గని దేవుని అర్ర ఏదే?" అని అడిగింది. మా శ్రీమతి డ్యాష్‌బోర్డు మీది వేములవాడ రాజన్న పటం చూపించింది. ఆమెకు తృప్తి కలిగింది.

ఎవరిని చూడటానికి?

ఎక్కడికి వెళ్ళాలన్న దగ్గర మాకు వాదన వచ్చింది. నేను గోవా అన్నాను. ఆమె ఒక పాత నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఆమె దగ్గర చదువుకుని భివండి వదిలి వెళ్ళిన పిల్లల పేర్లు, వాళ్ళ ఊళ్ళు రాసి ఉన్నాయి.

"వీళ్ళంతా సెలవులకు రమ్మని పిలిచిన వాళ్ళేనండీ. ఉద్యోగంలో ఉండగా తీరిందా?"

పేర్లు చదువుతూ ఒక పేరు దగ్గర ఆగిపోయాను. ఆ అమ్మాయి తండ్రి నాకు తెలుసు. ఆయన ఖాతా నంబరు కూడా గుర్తుంది.

భివండి సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన మన నేతవాళ్ళు తరాలుగా ఇక్కడ సాంచెల మీద బతికారు. 1982 జనవరిలో మొదలైన ముంబై మిల్లుల సమ్మె తరువాత మిల్లుల నేత చాలా మటుకు మరమగ్గాలకు తరలింది, భివండి ఇంకా పెరిగింది. ఒక్క మనిషి నాలుగు సాంచెలు చూసుకుంటూ పన్నెండు గంటలు నిలబడే పని. ఆ చప్పుడులో పనిచేసినవాళ్ళు ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతారు. బ్యాంకుకు వస్తే కౌంటరు అవతల ఉన్నవాళ్ళకు ఆ కేకలు దెబ్బలాటలా వినిపించేవి.

ఆ రోజుల్లో నేను బ్రాంచిలో అప్పుల విభాగం చూసేవాణ్ణి. 2003లో ఒక యువకుడు ఆరు పాత సాంచెలు కొనడానికి 1,80,000 రూపాయల అప్పు అడిగాడు. జామీనుకు తనతోపాటు పక్క సాంచెల మీద పదేళ్ళు పనిచేసిన తన ఊరి మనిషిని తీసుకువచ్చాడు. పేర్లు ఎందుకు, ఒకరినొకరు అన్న, తమ్మి అనుకునేవారు, నేనూ అలాగే రాస్తాను. అన్న కాగితాలన్నీ తిప్పి చూసి, "సార్, దీంట్ల నాకేమన్న అయితదా?" అని అడిగాడు. నేను పెన్ను చేతికిచ్చి, "ఊరికే లాంఛనం, సంతకం పెట్టండి" అన్నాను.

నేను కామర్స్ చదివినవాణ్ణి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను మాకు పరీక్షలో వచ్చింది. అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో, జామీను ఇచ్చినవాడి బాధ్యతా అంతే అని అది చెబుతుంది. అది తెలిసే లాంఛనం అన్నాను. ఆ నెల నా టార్గెట్లు పూర్తికాలేదు.

2005 జులై 26న ముంబైని ముంచిన వాన భివండినీ ముంచింది. కామ్వారీ నది నీళ్ళు పల్లపు పేటల్లోకి వచ్చాయి. తమ్ముడి కార్ఖానాలో మోటార్లు మునిగాయి, నూలు పాడైంది. ఆపైన గంటల తరబడి కరెంటు కోత. వాయిదాలు ఆగిపోయాయి. 2006లో సాంచెలు వేలం వేస్తే ఇనుము ధరే పలికింది. ఇంకా 61,000 బాకీ మిగిలింది. అన్న తన కూతురి పెళ్ళికని మా బ్రాంచిలోనే వేసుకున్న 42,000 రూపాయల డిపాజిట్టును ఆ బాకీకి జమ కట్టేశాం. ఓచరు రాసింది నేనే. తక్కినది రద్దు పద్దులో పోయింది, ఖాతా మూసేశాం. అప్పటికే తమ్ముడు ఒక రాత్రి సిరిసిల్ల బస్సెక్కి భార్యాపిల్లలతో వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు అన్న కూడా షోలాపూర్ వెళ్ళిపోయాడు. డిపాజిట్టు ఏ పెళ్ళికోసమైతే వేశాడో ఆ అమ్మాయే మా శ్రీమతి నోటు పుస్తకంలో ఉన్న అమ్మాయి.

నేను ఈ సంగతి ఇంట్లో ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను. మా శ్రీమతి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పుస్తకం మూసి, "గోవా ఎక్కడికీ పోదు" అంది.

నాసిక్ గుహలో ఒక డిపాజిట్టు

జనవరిలో సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు తెల్లవారుజామున బయలుదేరాం. షోలాపూర్‌కు పూణే దారి దగ్గర. కానీ మేము ఆగ్రా రోడ్డు పట్టుకుని నాసిక్ మీదుగా వెళ్ళాలనుకున్నాం. కసారా ఘాటు ఎక్కేసరికి ఓమ్ని ముందు సీటు కింద ఇంజను కుంపటిలా వేడెక్కింది. ఇగత్‌పురిలో ఆపి, కుర్చీలు దించి, టీ పెట్టుకున్నాం. పొయ్యి ఎప్పుడూ బండి బయటే వెలిగించాలన్నది మా మొదటి నియమం.

నాసిక్ దగ్గర పాండవ్‌లేణి గుహలకు రెండు వందల పైచిలుకు మెట్లున్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తొందరపడకుండా ఎక్కాలి. మూడో గుహలో గౌతమీపుత్ర శాతకర్ణి విజయాలను చెప్పే అతని తల్లి గౌతమీ బాలశ్రీ శాసనం ఉంది. తెలుగువాళ్ళు సాధారణంగా దాన్ని చూసి మురిసి దిగిపోతారు. నన్ను కట్టిపడేసింది పదో గుహ.

అక్కడ క్షత్రప రాజు నహపాణుడి అల్లుడు ఉషవదత్తుడు వేయించిన శాసనం ఉంది. సుమారు పంతొమ్మిది వందల ఏళ్ళ నాటిది. ఆ గుహలో వర్షాకాలం గడిపే భిక్షువుల కోసం అతడు 3,000 కార్షాపణాలు శాశ్వత నిధిగా పెట్టాడు. ఎక్కడ పెట్టాడంటే, గోవర్ధనంలోని సాలెవాళ్ళ సంఘాల దగ్గర! ఒక సాలె శ్రేణి దగ్గర 2,000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. ఇంకొక సాలె శ్రేణి దగ్గర 1,000, నెలకు నూటికి ముప్పావు వడ్డీ. అసలు తిరిగి ఇవ్వనక్కరలేదు, వడ్డీ మాత్రం వాడుకోవాలి. మొదటి వడ్డీ నుంచి ఇరవై మంది భిక్షువులకు బట్టల కోసం తలా 12 కార్షాపణాలు.

లెక్క వేశాను. రెండు వేల మీద నెలకు 20, ఏడాదికి 240. ఇరవైమందికి పన్నెండు చొప్పున 240. పైసా తేడా లేదు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నేను చూసిన ఏ బ్యాలెన్సూ ఇంత ముచ్చటగా కలవలేదు.

మెట్లు దిగుతూ మా శ్రీమతితో అన్నాను, "చూశావా, ఆ రోజుల్లో రాజు అల్లుడే సాలెవాళ్ళను నమ్మి డబ్బు దాచుకున్నాడు."

"మన అన్న కూడా మిమ్మల్ని నమ్మే దాచుకున్నాడు కదండీ" అంది ఆమె. మిగిలిన మెట్లు మౌనంగా దిగాం.

ఆ రాత్రి షిరిడీలో బండిలోనే నిద్ర. మర్నాడు మధ్యాహ్నానికి అహిల్యానగర్ చేరాం, మొన్నమొన్నటి దాకా అహ్మద్‌నగర్ అన్నాం. అక్కడా మన పద్మశాలీలు బాగా ఉన్నారు. నోటు పుస్తకంలోని ఒక కుర్రాడు, ఇప్పుడు నలభై దాటినవాడు, టైలరింగ్ దుకాణం పెట్టుకున్నాడు. టీచరమ్మ వచ్చిందని దుకాణం మూసేశాడు. ఎక్కాలు అప్పజెప్పమంటే పదిహేనో ఎక్కం దగ్గర తడబడ్డాడు. అతని పిల్లలు నవ్వి నవ్వి అలిసిపోయారు. మా బండి దోమతెర చిరిగితే దానికి మాటు వేసి, డబ్బులు తీసుకోలేదు.

షోలాపూర్‌లో తెలుగు

కర్మాళా, టెంభుర్ణి మీదుగా షోలాపూర్ చేరేసరికి సాయంత్రమైంది. సిద్ధేశ్వర్ గుడి చెరువు గట్టున బండి ఆపాం. పన్నెండో శతాబ్దపు శివయోగి సిద్ధరాముడి పేర వెలసిన గుడి. సంక్రాంతికి ఇక్కడ పొడవాటి నందిధ్వజాలతో గొప్ప యాత్ర జరుగుతుంది.

షోలాపూర్‌లో తెలుగు వినడానికి వెతకక్కరలేదు. నిజాం రాజ్యం పల్లెల నుంచి మన నేతవాళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. మగ్గాలు, మిల్లులు, తరువాత చాదర్లు, తువాళ్ళ కార్ఖానాలు. గంగాధర్ కుచన్, ధర్మన్న సాదుల్, లింగరాజ్ వల్యాల్ వంటి తెలుగువారు ఈ ఊరి నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఈ ఊరికి ఇంకొక గౌరవం ఉంది. 1930లో బ్రిటిష్‌వాళ్ళు ఇక్కడ మార్షల్ లా పెట్టారు. ఆ కేసులో మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిషన్ సార్దా, జగన్నాథ్ షిండే, కుర్బాన్ హుసేన్‌లను 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరి తీశారు. వాళ్ళ పేర ఉన్న హుతాత్మా చౌక్‌లో ఆగి దణ్ణం పెట్టుకున్నాం.

మగవాళ్ళు సాంచెల మీద ఉంటే, షోలాపూర్ తెలుగు ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుడతారు. వాళ్ళ కోసం కమ్యూనిస్టు నాయకుడు నర్సయ్య ఆడం పోరాడి సాధించిన గోదూతాయి పరులేకర్ కాలనీ కుంభారీలో ఉంది. పదివేల ఇళ్ళు. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అప్పగించారు. ఆ తరువాత రే నగర్ పేర ఇంకా పెద్ద కాలనీ కట్టారు, అందులో మొదటి పదిహేను వేల ఇళ్ళను 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. మా శ్రీమతి నోటు పుస్తకంలోని అడ్రసు కుంభారీదే. బీడీ కార్మికురాలైన అన్న భార్యకు అక్కడ ఇల్లు దొరికింది.

మర్నాడు పొద్దున వెళ్ళాం. ఆ అమ్మాయి, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, గుమ్మంలోనే టీచరమ్మ కాళ్ళకు మొక్కింది. అన్న లోపల మంచం మీద కూచుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళు. తువాళ్ళ కార్ఖానాలో పనిచేసి, మోకాళ్ళు పోయి మానేశాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది.

"బ్యాంకు సార్! గింత దూరం ఎట్లొచ్చిండ్రు?"

టీ వచ్చింది, జొన్నరొట్టె, పల్లీల పొడి వచ్చాయి. నేను దారంతా కూడబలుక్కున్న మాట ఎలాగో బయటపెట్టాను. "అన్నా, ఆ రోజు లాంఛనమని సంతకం పెట్టించింది నేనే. తెలిసే అన్నాను."

ఆయన కాసేపు నా ముఖంలోకి చూశాడు. "మీకు జీతమిచ్చేటోళ్ళు అడిగిండ్రు, మీరు నన్నడిగిండ్రు. పిల్ల పెండ్లి ఒక ఏడాది ఆగింది, అయింది. పైసలు పోయినయ్ సార్, పోనీ. సంతకం పెట్టినందుకు రంది లేదు. కష్టమొచ్చినోని కోసమే గద పెట్టిన. కని వాడు రాత్రికి రాత్రి బస్సెక్కిండు. ఒక్క మాట చెప్పలే. పదేండ్లు ఒక్క డబ్బల తిన్నం. గదొక్కటే కడుపుల ఉన్నది."

నాకు క్షమాపణ దొరికిందో లేదో తెలియలేదు. ఆయన నా మాటను పక్కన పెట్టి, తన మాట చెప్పుకున్నాడంతే. మా శ్రీమతి మేము సిరిసిల్ల కూడా వెళుతున్నామని చెప్పింది. ఆయన ఏమీ అనలేదు. లేచేటప్పుడు ఆయన భార్య ఒక షోలాపూర్ చాదరు తెచ్చి మా శ్రీమతి చేతిలో పెట్టింది. "గక్కడ చలి ఎక్కువ. వాని పెండ్లానికియ్యి. నేనిచ్చిన్నని చెప్పు." అన్న అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. వద్దని మాత్రం అనలేదు.

నల్‌దుర్గ్, మెదక్

షోలాపూర్ నుంచి హైదరాబాదు రోడ్డులో సుమారు 45 కిలోమీటర్లకు నల్‌దుర్గ్ కోట వస్తుంది. బస్సుల్లో పోయేవాళ్ళు దీన్ని కిటికీలోంచి చూసి వదిలేస్తారు. దిగి చూడవలసిన చోటు. బోరీ నదికి కోటలోనే ఆనకట్ట కట్టి, ఆ ఆనకట్ట లోపల గదులు కట్టారు. దాని పేరు పానీ మహల్. బీజాపూర్ సుల్తాను రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో, 1613 ప్రాంతంలో కట్టిన పని. వానాకాలంలో ఆనకట్ట నిండితే నీళ్ళు రెండు ధారలుగా దూకుతాయి. వాటిని నర్, మాదీ అంటారు, అంటే మగ, ఆడ. మేము వెళ్ళింది జనవరి కనుక మగా లేదు, ఆడా లేదు, రాళ్ళు మాత్రం ఉన్నాయి. చూడాలనుకునేవాళ్ళు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రండి.

ఉమర్గా, హుమ్నాబాద్ దాటి జహీరాబాద్‌లో రాత్రి పెట్రోలు బంకు ఆవరణలో పడుకున్నాం. అడిగితే బంకువాళ్ళు సాధారణంగా కాదనరు. మర్నాడు సంగారెడ్డి నుంచి నర్సాపూర్ అడవి దారి పట్టి మెదక్ చేరాం. మెదక్ చర్చిని చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ కరువు రోజుల్లో మొదలుపెట్టాడు. ఆకలితో ఉన్న జనానికి ఊరికే పెట్టడం కంటే పని ఇచ్చి అన్నం పెట్టాలన్నది ఆయన ఆలోచన. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరుచుకుంది. గోపురం 175 అడుగుల ఎత్తు. మధ్యాహ్నపు ఎండ రంగుటద్దాల గుండా లోపల పడుతుంటే ఇద్దరం గంటసేపు కూర్చున్నాం. కట్టినవాళ్ళ పేర్లు మనకు తెలియవు, కానీ ఆ ఏడు వాళ్ళ పొయ్యి వెలిగింది. అప్పు ఇవ్వడమంటే ఇదే కావాలి కదా అనిపించింది.

సిరిసిల్లలో ఒక రసీదు

రామాయంపేట, సిద్దిపేట మీదుగా సిరిసిల్ల చేరేసరికి దీపాలు పెట్టారు. మానేరు ఒడ్డున ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైంది. బండి దిగగానే భివండిలో ఉన్నట్టే అనిపించింది. వీధి వీధికీ సాంచెల చప్పుడు. ఇక్కడ సేఠు నూలు ఇస్తే, ఆసామి తన ఇంట్లోని సాంచెల మీద నేయించి, మీటరు లెక్కన మజూరీ తీసుకుంటాడు. పని ఉన్న నెల అన్నం, లేని నెల అప్పు. ఎందరో నేతన్నలు అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్న ఊరు ఇది. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇచ్చిన తరువాత కొన్నేళ్ళు తెరిపిన పడిందని చెప్పారు.

తమ్ముడి ఇల్లు అడుగుతూ అడుగుతూ వెళ్ళాం. ముందు గదిలో నాలుగు సాంచెలు, వెనుక గదిలో సంసారం. నన్ను చూడగానే అతని ముఖం పాలిపోయింది. బ్యాంకువాళ్ళు ఇరవై ఏళ్ళకైనా వస్తారనుకున్నాడో ఏమో. చేతులు జోడించి, "సార్, ఇంక ఏమన్న బాకీ ఉన్నదా?" అన్నాడు. ఆ మాట వినడానికి నేను తొమ్మిది వందల కిలోమీటర్లు వెళ్ళాను అనిపించింది.

ఏ బాకీ లేదని చెప్పడం మా శ్రీమతి వల్లనే అయింది. ఆమె చాదరు తీసి అతని భార్య ఒళ్ళో పెట్టి, ఎవరిచ్చారో చెప్పింది. ఆ ఇల్లాలు చాదరు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తమ్ముడు లేచి సాంచెలు నాలుగూ బందు చేశాడు. ఆ నిశ్శబ్దానికి పక్కింటివాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

అప్పుడు ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చాడు. అందులో ఒక మనీయార్డరు రసీదు ఉంది. 5,000 రూపాయలు, 2008 సంవత్సరం, భివండిలో అన్న పేరుకు.

"పంపిన సార్. పదిహేను రోజులకు వాపసచ్చింది. తీసుకోలేదట అని పోస్టుమ్యాన్ చెప్పిండు. అన్న కోపంతోని వాపస్ చేసిండనుకున్న. మల్ల ఎట్ల పంపాలె? మొఖమెట్ల సూపియ్యాలె?"

తారీఖు చూశాను. అప్పటికి అన్న భివండి వదిలి ఏడాది దాటింది. మనీయార్డరును అతడు తిప్పికొట్టలేదు, అతనికి అది అందనే లేదు. ఆ మాట చెబితే తమ్ముడు చాలాసేపు ఆ రసీదునే చూస్తూ కూర్చున్నాడు. పదిహేడేళ్ళకు పైగా ఒక చిరునామా తప్పు ఇద్దరు మనుషుల మధ్య కూర్చుని ఉంది.

నేను షోలాపూర్‌కు ఫోను కలుపుతానన్నాను. అతను వద్దన్నాడు. "ఫోన్ల ఏం మాట్లాడుత సార్. మీరు మల్ల గా తొవ్వలనే పోతరా?"

మర్నాడు వేములవాడ రాజన్న దర్శనం చేసుకుని వచ్చేసరికి అతను ఉతికిన బట్టలు వేసుకుని, చేతిసంచీతో మా బండి దగ్గర నిలబడి ఉన్నాడు. మంచం పలకలు తీసి పైన క్యారియరుకు కట్టి, వెనుక సీటు మళ్ళీ నిలబెట్టాం. మా చక్రాల ఇంటికి మొదటి అతిథి.

మళ్ళీ కుంభారీ

షోలాపూర్ దాకా అతను పది మాటలు కూడా మాట్లాడలేదు. కుంభారీ మలుపు దగ్గర మాత్రం, "సార్, జర ఆపున్రి" అని దిగి, ముఖం కడుక్కుని వచ్చాడు.

అన్న అరుగు మీద ఎండకు కూర్చుని ఉన్నాడు. తమ్ముడు బండి దిగి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. ఎవరు ముందు పలకాలో తెలియక మేమూ నిలబడిపోయాం. అన్న కళ్ళ మీద చేయి అడ్డం పెట్టుకుని చూశాడు.

"బక్కగైనవురా," అన్నాడు. కాసేపాగి, "తిన్నవా?" అన్నాడు.

లోపల ఏమేం మాట్లాడుకున్నారో మేము వినలేదు. మా శ్రీమతి నన్ను చేయి పట్టుకుని బయటే కూర్చోబెట్టింది. గంట తరువాత పిలిస్తే వెళ్ళాం. మంచం మీద మనీయార్డరు రసీదు, దాని పక్కన నోట్లు ఉన్నాయి. తమ్ముడు 20,000 తెచ్చాడు. అన్న లెక్కపెట్టి 5,000 తీసుకుని మిగిలినవి వెనక్కి తోశాడు.

"గప్పుడు పంపినవి ఇవి, ముట్టినయ్. మిగిలినయ్ ఉన్నప్పుడు ఇయ్యి. కని పంపొద్దు. నువ్వే తెచ్చియ్యి."

అలవాటు చావక నేను, "పంతొమ్మిదేళ్ళకు వడ్డీ కట్టి చూస్తే..." అన్నాను. ఇద్దరూ నావైపు తిరిగారు. మా శ్రీమతి నా కాలు తొక్కింది. అన్న నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు. నా క్షమాపణకు ఆయన జవాబు అదేనని నేను అనుకుంటున్నాను. వేరే జవాబు అడగలేదు.

తమ్ముడు రెండు రోజులుండి బస్సులో వెళ్ళాడు. మేము పూణే రోడ్డు పట్టుకున్నాం. భిగవణ్ దగ్గర ఉజనీ జలాశయంలో చలికాలం వచ్చే రాజహంసలను పడవలో వెళ్ళి చూశాం. గులాబీ రెక్కలు ఒక్కసారిగా లేస్తుంటే మా శ్రీమతి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మర్నాడు రాత్రికి భివండి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. మొత్తం 16 రోజులు, సుమారు 1,800 కిలోమీటర్లు, పెట్రోలుకు పద్నాలుగు వేలకు అటూ ఇటూ అయింది. గంటకు యాభై, అరవై కిలోమీటర్లు మించవద్దు, చీకటి పడ్డాక నడపవద్దు. మందులు, చీటీలు, టార్చిలైటు చేతికందేలా పెట్టుకోండి. స్నానానికి భక్తనివాసాలు, బంకులు, అన్నిటికంటే స్నేహితుల ఇళ్ళు మేలు. బండి వాళ్ళ గుమ్మం ముందు ఆపుకుంటే వాళ్ళకు పక్క వేసే శ్రమ ఉండదు, మనకు మొహమాటం ఉండదు.

చూడవలసిన చోట్ల జాబితా ఎవరైనా ఇస్తారు. బయలుదేరే ముందు కలవవలసిన మనుషుల జాబితా కూడా ఒకటి రాసుకోండి. అందులో ఏ పేరు దగ్గరైనా మీ కలం ఆగితే, ముందు ఆ ఊరికి వెళ్ళండి.

మొన్న ఉగాదికి షోలాపూర్ నుంచి ఫోను వచ్చింది. తమ్ముడు రెండో విడత తెచ్చాడట. ఈసారి భార్యను కూడా వెంటబెట్టుకుని వచ్చాడట.